కథలోని నౌక హైదరాబాద్ నడినెత్తిన నిలిచి ఉండగలదా?

ప్రశ్న:
నేను రాస్తున్న సైన్స్ ఫిక్షన్ కథలో ఒక గ్రహాంతర నౌక 400 కిలోమీటర్ల ఎత్తున, ఎటూ కదలకుండా, మూడు రోజుల పాటు హైదరాబాద్ నడినెత్తిన నిలిచి ఉంటుంది. మూడో రాత్రి ఇంజన్లు ఆగిపోగానే నేలవైపు పడిపోతుంది. చిత్తుప్రతి చదివిన మిత్రుడు అలాంటి కక్ష్యే లేదంటున్నారు. దీనిని భూస్థిర కక్ష్య (భూమితో సమానంగా తిరుగుతూ, నేలమీది వారికి ఒకేచోట నిలిచినట్టు కనిపించే కక్ష్య) అనుకోవచ్చా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1:
మీ మిత్రుడి మాట నిజమే. ఆ ఎత్తున కక్ష్యలో ఉండాలంటే నౌక సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్ల వేగంతో సాగుతూ దాదాపు గంటన్నరకొకసారి భూమిని చుట్టిరావాలి కనుక, నేలమీది వారికి అది కొద్ది నిమిషాలు మాత్రమే కనిపించి దిగంతం దాటిపోతుంది. భూస్థిర కక్ష్య 35,786 కిలోమీటర్ల ఎత్తున, అదీ భూమధ్యరేఖకు సరిగ్గా పైన మాత్రమే ఉంటుంది, ఎందుకంటే ఏ కక్ష్యాతలమైనా (కక్ష్య ఇమిడి ఉండే సమతలం) భూకేంద్రం గుండా పోవలసిందే. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడినుంచి చూస్తే, అదే రేఖాంశం మీద నిలిచిన నౌక దక్షిణం వైపు సుమారు 70 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. ఒక కిలోమీటరు పొడవున్నా మామూలు కంటికి చుక్కే. చందమామంత కనిపించాలంటే వెడల్పు 300 కిలోమీటర్లు దాటాలి. ఈ కక్ష్యను సమాచార ప్రసారానికి వాడుకోవచ్చని 1945లో వివరించిన ఆర్థర్ సి. క్లార్క్ కూడా కథారచయితే కాబట్టి మీరు సరైన దారిలోనే ఆలోచిస్తున్నారు.

సమాధానం 2:
35,786 కిలోమీటర్ల ఎత్తునే ఉన్న కక్ష్యను భూమధ్యరేఖకు 17.4 డిగ్రీలు వాల్చితే, నౌక ఆకాశంలో 8 అంకె ఆకారంలో నెమ్మదిగా తిరుగుతూ రోజుకొకసారి మీ నగరం నడినెత్తికి వస్తుంది. దారి చూపే మన దేశపు నావిక్ వ్యవస్థలోని కొన్ని ఉపగ్రహాలు 29 డిగ్రీల వాలుతో ఇలాగే తిరుగుతాయి.

ప్రశ్నకర్త:
కృతజ్ఞతలు. కానీ నౌక ఆకారం జనానికి కనిపించడమే కథకు ప్రాణం. 36,000 కిలోమీటర్ల దూరం పనికిరాదు.

సమాధానం 3:
అయితే ‘కక్ష్య’ అన్న మాటనే కథలోంచి తీసేయండి. మీ నౌక తిరగడం లేదు, ఇంజన్ల బలంతో నిలబడి ఉంది. 400 కిలోమీటర్ల ఎత్తున గురుత్వం నేలమీద ఉన్నదానిలో సుమారు 89 శాతం ఉంటుంది కాబట్టి లోపలివారు తేలరు, మన ఇళ్లలో నడిచినట్టే నడుస్తారు. కక్ష్యలోని వారు భారం లేకుండా తేలేది నిరంతరం పడిపోతూ ఉండడం వల్లనే. అందుకే మీ మూడో రాత్రి ఘట్టం కూడా ఈ ఏర్పాటులోనే నిలుస్తుంది. కక్ష్యలోని నౌక ఇంజన్లు ఆగితే వెంటనే ఏమీ కాదు, పలుచని గాలి రాపిడికి కిందికి దిగడానికి నెలలు పట్టవచ్చు. నిలబడి ఉన్న నౌక మాత్రం సుమారు ఐదు నిమిషాల్లో నేలను తాకుతుంది. పాత్రల సంభాషణలను ఆ వ్యవధికి సరిపెట్టుకోండి.

ఇందుకు మూల్యం ఉంది. మూడు రోజులు అలా నిలవడానికి వెచ్చించే తోపుతో (ఇంజన్లు నెట్టే బలంతో) ఖాళీ అంతరిక్షంలో సెకనుకు 2,200 కిలోమీటర్లకు పైగా వేగం అందుకోవచ్చు. ఆ వేగంతో సాగితే భూమి నుంచి సూర్యుడంత దూరం ఒక్క రోజులోపే దాటవచ్చు. పైగా ఆ ఇంజన్ల మంట మూడు రోజులూ హైదరాబాద్ వైపే చిమ్ముతుంది. జనం తలెత్తి చూసే సన్నివేశం రాయకముందే ఆ ఇంజన్ ఎలాంటిదో తేల్చుకోవడం మంచిది.