నీలగిరి బెరడు కింద దొరికిన ఈ కంపునల్లి పోసిలోమెటిస్ ప్రజాతిదేనా?

మేం సిడ్నీలో ఉంటాం. పెరట్లో నీలగిరి చెట్టుకు ఊడిపోతున్న బెరడు ఎత్తితే ఈ పురుగు కనిపించింది. డాలు ఆకారం, రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ పొడవు, ముదురు గోధుమరంగు ఒంటి నిండా లేత పసుపు చుక్కలు. తల సన్నగా ముందుకు సాగి ఉంది. మీసాల మీద నలుపు, నారింజ పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి. తాకగానే మన వరిచేలో కంపునల్లిని నలిపినట్టే వాసన!

ఇక్కడి నీలగిరి చెట్ల మీద ఉండే పోసిలోమెటిస్ అనుకుంటున్నాను. కానీ ఆస్ట్రేలియాలోకి రాకుండా అధికారులు ఓడరేవుల్లో కాపు కాస్తున్న విదేశీ చీడపురుగు హాలియోమార్ఫా హాలిస్‌కు కూడా మీసాల మీద పట్టీలుంటాయి కదా, అదే నా భయం. దాని పట్టీలు తెల్లగా, తల మొద్దుగా ఉంటాయి. ఈ రెండు తేడాలు సరిపోతాయా? ప్రజాతి తేల్చాలంటే పొట్ట అడుగుభాగం, తొండం పొడవు, ఇంకేం ఫొటో తీయాలి? పురుగును చంపలేదు, సీసాలో ఉంచాను. తెలిసినవారు దయచేసి కాస్త త్వరగా చెప్పండి.