అద్దానికి అంటుకున్న ఫొటో, మడతల్లో చీలిన దస్తావేజు: ఎలా కాపాడాలి?

ప్రశ్న:
ఫ్రేములోని పాత నలుపు తెలుపు ఫొటో ఒక మూల అద్దానికి అతుక్కుపోయింది. జిగురు పేజీల ఆల్బమ్‌లో కలర్ ఫొటోలు ఊడి రావడం లేదు. ఒక దస్తావేజు మడతల దగ్గర చీలింది, లామినేషన్ చేయించమంటున్నారు. చేయించవచ్చా?

జవాబు 1:
లామినేషన్ మాత్రం వద్దండి. వేడికి కరిగిన జిగురు కాగితం పోగుల్లోకి దిగిపోతుంది, మళ్ళీ తీయడం ఇంట్లో అయ్యే పని కాదు. సెల్లోటేపు ఇంకా మోసం: కొన్నేళ్ళకు టేపు ఊడిపోతుంది, పసుపు మరక ఉండిపోతుంది. పిన్నులు తీసేసి, ముక్కలు పక్కపక్కన పరిచి, పాలిస్టర్ కవర్లో ఉంచండి. పీవీసీ కవరు పాతబడేకొద్దీ ఆమ్లం వదులుతుంది, అది వద్దు.

జవాబు 2:
అద్దం ఫొటోను దయచేసి లాగకండి. ఫొటో పైపొర జెలటిన్. చెమ్మ తగిలితే ఉబ్బి, మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది. లాగితే బొమ్మ అద్దం మీద, తెల్ల కాగితం మీ చేతిలో. అద్దంతో సహా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచండి. పలచటి సీఐఎస్ స్కానర్‌కు (సెన్సర్ కాగితానికి దగ్గరగా ఉండే రకం) అద్దం మందం దాటి ఫోకస్ అందదు, లెన్సుతో పనిచేసే సీసీడీ రకం కావాలి. లేదంటే రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో దీపాలు పెట్టి కెమెరాతో తీయండి.

ఆల్బమ్‌కైతే మైనం పూయని డెంటల్ ఫ్లాస్ (పళ్ళ సందులు శుభ్రం చేసే దారం) వాడండి. ముందు పేజీని ఉన్నదున్నట్టు ఫొటో తీసుకోండి. తర్వాత ఒక మూల నుంచి దారాన్ని ఫొటో వెనక్కి జొనిపి, రంపం లాగినట్టు మెల్లగా అటూ ఇటూ జరపండి. వంగాల్సింది పేజీ, ఫొటో కాదు. గట్టిగా పట్టేస్తే ఆపేసి, చుట్టూ పేజీని కత్తిరించి అలాగే ఉంచడం నయం.

జవాబు 3:
పాలిస్టర్ గురించి ఒక జాగ్రత్త. దానికి స్థిర విద్యుత్తు ఎక్కువ, పెన్సిల్ రాతనీ రాలుతున్న సిరానీ లాగేసుకుంటుంది. అలాంటివాటిని ఆమ్లరహిత కాగితం మడిచి దాని మధ్య ఉంచడమే మేలు.

అటక మీదా, బయటి గోడకు ఆనిన బీరువాలోనూ పెట్టొద్దు. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలి, చిన్న హైగ్రోమీటర్ పెట్టి చూసుకోండి. వెండిపురుగులు వచ్చేది జెలటిన్, గంజి కోసమే. వాటికి నాఫ్తలీన్ ఉండలు వేయకండి, ఆవిరి ఫొటోలకు మంచిది కాదు.

ప్రశ్న అడిగినవారు:
ఫొటోల వెనక పేర్లు రాయవచ్చా?

జవాబు 3:
రాయండి, పెద్దవాళ్ళు ఇంకా గుర్తుపట్టగలుగుతుండగానే. 2బి పెన్సిల్‌తో, అంచు దగ్గర, గట్టి బల్ల మీద బోర్లా పెట్టి, నొక్కకుండా. బాల్‌పెన్ ఒత్తు ముందువైపు ముఖాల మీద గీతగా తేలుతుంది. నున్నటి వెనుకభాగమున్న కలర్ ఫొటోల మీద పెన్సిల్ పడదు, వాటికి పేర్లు కవరు మీద రాసి ఆరాకే ఫొటో లోపల పెట్టండి.