ఒడిస్సియస్ చివర్లో పేరెందుకు చెప్పాడు?

ప్రశ్న: రాత్రి హోమర్ గ్రీకు కావ్యం ‘ఒడిస్సీ’ 9వ సర్గ చదివాను. తమని గుహలో బంధించిన ఒంటికన్ను రాక్షసుడు పాలిఫీమస్‌కి ఒడిస్సియస్ తన పేరు ‘ఎవడూ కాదు’ అని చెప్పి, కాల్చిన ఆలివ్ దుంగతో కన్ను పొడిచి, పొట్టేలు పొట్ట కింద వేలాడుతూ బయటపడ్డాడు. తీరా ఓడెక్కాక అసలు పేరు, తండ్రి పేరు, ఊరు అరిచి మరీ చెప్పడమేంటి? ఒళ్లు మండింది.

జవాబు 1: కీర్తి కోసమండీ. ట్రాయ్ యుద్ధం గెలిచినవాడు ‘ఎవడూ కాదు’గా మిగిలిపోతాడా?

జవాబు 2: పేరు తెలిశాకే కదా ఆ రాక్షసుడు తన తండ్రి, సముద్రదేవుడు పొసైడాన్‌కి మొరపెట్టుకున్నాడు! తోటివాళ్లు వద్దు మొర్రో అన్నా వినలేదు. చివరికి ఇల్లు చేరింది ఆయనొక్కడే.

ప్రశ్న అడిగినవారు: నిజమే. కానీ ఆ గుడ్డివాడు పొట్టేలు వీపు నిమురుతూ, రోజూ ముందుండేవాడివి ఇవాళ వెనకబడ్డావేం అని అడుగుతాడు చూడండి, అక్కడ నాకు రాక్షసుడి మీదే జాలేసింది.