అప్‌డేట్: తలలు తెగుతున్న పాత ప్రింట్ సంగతి తేలింది

1940ల నాటి 35 ఎంఎం సినిమా ప్రింట్ ప్రొజెక్టర్‌లో వేస్తుంటే నటుల తలలు, టైటిల్స్‌లో కింది వరుస తెగిపోతున్నాయని, ప్రింటే పాడైందా అని అడిగాను కదా. ప్రింట్ బంగారంలా ఉంది. తప్పు నాదే.

రీల్ మొదట్లోని కొంత ఫిల్మ్‌ను లైట్ మీద పెట్టి భూతద్దంతో చూశాను. పేర్లన్నీ ఫ్రేమ్‌లో నిక్షేపంగా ఉన్నాయి. ప్రొజెక్టర్ గేటులో (ఫిల్మ్ మీద వెలుగు పడే చోట) మాత్రం 1.85 ప్లేట్ ఉంది! బొమ్మలో ఎంత భాగం తెర మీదికి వెళ్లాలో ఆ ప్లేట్‌కున్న కంతే తేలుస్తుంది; 1.85 అంటే వెడల్పు ఎత్తుకి 1.85 రెట్లు. ఆ కంత ఎత్తు సుమారు 11.3 మి.మీ. ఈ సినిమాకి కావలసింది 1.37, అంటే సుమారు 15.3 మి.మీ. బొమ్మలో పావు వంతు నేనే కోసేస్తున్నానన్నమాట. నేనేమో బొమ్మను పైకీ కిందికీ జరిపే ఫ్రేమింగ్ నాబ్ తిప్పుతూ కూర్చున్నాను. తల కనిపిస్తే గడ్డం పోయేది.

ప్లేట్ మార్చగానే బొమ్మ తెర పైకీ కిందికీ పొంగిపోయింది. బొమ్మను కాస్త చిన్నగా వేసేలా, ఇంకాస్త ఎక్కువ ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్ వేసి, పక్కల నల్లతెరలు లోపలికి లాగాక కుదిరింది.

'అయితే అన్నీ 1.37లోనే వేసెయ్' అన్నవారికి ఒక మాట. ఆ ఊపులో 1.85 కోసం తీసిన తర్వాతి కాలపు సినిమా ఒకటి అలాగే వేసి చూశాను. మాంచి ఏడుపు సీన్‌లో హీరోయిన్ నెత్తి మీద మైక్ వేలాడుతోంది. ఫ్రేమ్ నిండా బొమ్మ ఉన్నంత మాత్రాన అదంతా చూపించడానికి కాదట. ఇప్పుడు ప్రతి డబ్బా మీదా నిష్పత్తి రాసి అంటిస్తున్నాను.