మిషనరీగా వెళ్లేముందు సేద్యం ఎక్కడ నేర్చుకోవాలి?

ప్రశ్న: అందరికీ వందనాలు. నేను, మా ఆయన వచ్చే ఏడాది ఆఫ్రికాలోని మలావీలో ఒక కొండపల్లెకు సేవకు వెళ్తున్నాం. బైబిల్ ట్రైనింగ్ అయిపోయింది. కానీ అక్కడివాళ్లు మొక్కజొన్న మీదే బతుకుతారు, మాకేమో పార పట్టడం కూడా రాదు. టెన్షన్‌గా ఉంది. ఎక్కడ నేర్పుతారు?

జవాబు 1: అమ్మా, ఫ్లోరిడాలోని నార్త్ ఫోర్ట్ మయర్స్‌లో ఎకో అనే క్రైస్తవ సంస్థ 1981 నుంచి ఉంది. ఏడాదంతా వానలు పడే అడవి, మెట్ట నేల, ఎత్తు ప్రాంతం, ఇలా వేర్వేరు పరిస్థితులకు తగ్గట్టు తోటలు పెంచి నేర్పుతారు. విత్తన బ్యాంకు కూడా ఉంది. మీకైతే టాంజానియాలోని అరుషాలో ఉన్న వాళ్ల కేంద్రం దగ్గర.

జవాబు 2: కొండ అన్నారు కాబట్టి ఫిలిప్పీన్స్ పద్ధతి చదవండి. అక్కడి మిండనావో దీవిలో బాప్టిస్ట్ మిషనరీ హరాల్డ్ వాట్సన్ బృందం వాలు నేలల్లో సమోన్నత రేఖల (ఒకే ఎత్తులో వాలుకు అడ్డంగా సాగే గీతల) వెంట 4, 5 మీటర్లకో జంట వరుసగా, నేలకు నత్రజని అందించే చెట్లు వేసి, మధ్యలో పంటలు పండించింది, మట్టి కొట్టుకుపోకుండా అదే కట్ట. 1985లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆ రేఖ గుర్తించడానికి A ఆకారంలో కట్టిన మూడు కర్రలు, తాడుకు వేలాడే రాయి చాలు. కానీ మొదట్లో సుబాబుల్‌నే ఎక్కువగా నమ్ముకున్నారు, పురుగు పట్టి దెబ్బతింది, తర్వాత వేరే చెట్లు కలిపారు. ఒకే చెట్టు వేయకండి.

జవాబు 3: నా మాట కాస్త వేరు. మొదటి వానాకాలం ఏమీ నేర్పకండి, నవంబర్‌లో వాళ్లతో కలిసి విత్తండి. అక్కడి భాష చిచేవా నేర్చుకోండి. పొలం పనుల్లో ఆడవాళ్లే ఎక్కువ, అక్కా, మీరే వాళ్ల పక్కన కూర్చుని అడగాలి, ఏ విత్తనం ఎందుకు దాచుకుంటారో.

ప్రశ్న వేసినవారు: ఆ మాట మనసుకు తాకింది. అరుషాకు ఈరోజే రాస్తాను.