కళ్లలోకి చూసే పిల్లల్లోనూ ఆటిజం ఉండవచ్చా?

ప్రశ్న: రెండున్నరేళ్ల బాబు తల్లి

మా బాబు అక్షరాలు, అంకెలు చూపిస్తే తడుముకోకుండా చెబుతాడు గానీ, దాహం వేస్తే నీళ్లు అడగడు. నా చెయ్యి పట్టుకొని లాక్కెళ్లి, ఆ చేతిని గ్లాసు మీద పెడతాడు. "నీళ్లు కావాలా?" అని నేనడిగితే, అదే స్వరంతో "నీళ్లు కావాలా" అని తిరిగి అంటాడు. బొమ్మ కార్లను బోర్లించి చక్రాలు తిప్పుతూ చాలాసేపు కూర్చుంటాడు, పేరు పెట్టి పిలిస్తే తరచుగా పలకడు. అయితే నన్ను హత్తుకుంటాడు, నవ్వుతాడు, కళ్లలోకి కూడా చూస్తాడు కాబట్టి ఆటిజం అయ్యుండదని ఇంట్లో పెద్దలు అంటున్నారు. ఈ లక్షణాలను ఎలా అర్థం చేసుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరా?

జవాబు: స్పీచ్ థెరపిస్టు

ఆటిజం ఉన్న పిల్లలు కూడా కన్నవారిని అల్లుకుపోతారండి; హత్తుకుంటున్నాడన్న ఒక్క కారణంతో అనుమానాన్ని పక్కన పెట్టకూడదు, పలకడం లేదన్న ఒక్క కారణంతో ఖాయం చేసుకోనూ కూడదు. మానసిక, ఎదుగుదల సమస్యల నిర్ధారణకు వైద్యులు వాడే ప్రామాణిక పుస్తకం డీఎస్ఎం-5, 2013లో వచ్చింది; అది ఆటిజం లక్షణాలను రెండు వర్గాలుగా చూస్తుంది. మొదటిది ఇతరులతో సంభాషించే, కలిసిమెలిసి మెలిగే తీరు. ఇందులో ఇచ్చిపుచ్చుకునే ధోరణి, చూపునూ సైగనూ మాటతో కలిపి వాడటం, వయసుకు తగిన స్నేహాలూ ఊహల ఆటలూ అనే మూడింటిలోనూ ఇబ్బంది కనిపించాలి. రెండోది పునరావృత ప్రవర్తన: ఒకే కదలికను లేదా మాటను మళ్లీ మళ్లీ చేయడం, దినచర్యలో చిన్న మార్పునూ ఓర్చుకోలేకపోవడం, ఏదో ఒక విషయంపై అసాధారణమైన ఆసక్తి, శబ్దం, వెలుతురు, స్పర్శ వంటి వాటికి మితిమీరి లేదా మరీ తక్కువగా స్పందించడం, ఈ నాలుగింటిలో కనీసం రెండు ఉండాలి.

మీరు చెప్పినవాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది గ్లాసు మీద చెయ్యి పెట్టించడం. అందులో నీళ్లు అందుకోవడమే ఉంది, మీతో పంచుకోవడం కనిపించదు. ఏడాదిన్నర వయసు పిల్లవాడు సాధారణంగా విమానం కనబడగానే వేలు చూపి, వెంటనే తిరిగి అమ్మ ముఖంలోకి చూసి, మళ్లీ విమానాన్ని చూస్తాడు. వాడికి విమానం అక్కర్లేదు, తాను చూసింది అమ్మ కూడా చూడాలన్నదే వాడి ఆరాటం. కళ్లలోకి చూస్తున్నాడా లేదా అన్నదానికంటే, ఇలా పంచుకోవడం కోసం చూస్తున్నాడా అన్నది గమనించండి. విన్న మాటను అలాగే తిరిగి అనడాన్ని ఎకోలాలియా అంటారు. అది అర్థంలేని చిలకపలుకు కాదు. మీ బాబు బహుశా ఆ మాటతోనే అవునని చెబుతున్నాడు.

జవాబు: ఒక అమ్మాయి తండ్రి

మా అమ్మాయికి మాటలు వేళకే వచ్చాయి, చదువూ బాగానే సాగింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. బడిలో తోటిపిల్లల నవ్వునూ మాటతీరునూ గమనించి అనుకరిస్తూ రోజంతా నెట్టుకొచ్చేది, ఇంటికి రాగానే చొక్కా మెడ దగ్గరి లేబుల్ గుచ్చుకుంటోందని మొదలై గంటసేపు ఏడ్చేది. మొండితనమైతే కోరింది ఇవ్వగానే ఆగుతుంది, ఇది ఆగేది కాదు. చీకటి గదిలో ఒంటరిగా ఉంటేనే తేరుకునేది. ఆడపిల్లల్లో ఆటిజం ఇలా మరుగునపడి ఆలస్యంగా బయటపడటం తరచుగా జరుగుతుంది. మీ బాబూ మా అమ్మాయీ ఒకరినొకరు ఏమాత్రం పోలకపోయినా, ఇద్దరి గురించీ ఒకే నిర్ధారణ రావచ్చు. ఆటిజాన్ని స్పెక్ట్రమ్, అంటే ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా కనిపించే విస్తృత శ్రేణి, అనడం అందుకే.

జవాబు: పిల్లల వైద్యురాలు

పిలిస్తే పలకని ప్రతి బిడ్డకూ ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. అక్షరాలు చెబుతున్నాడు కదా అని దాన్ని దాటవేయకండి. 16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం సూచనలున్నాయేమో ముందుగా చూడటానికి, తల్లిదండ్రులు జవాబులిచ్చే ఎం-చాట్-ఆర్ అనే 20 ప్రశ్నల పత్రం ఉంది. అందులో ఎక్కువ మార్కులు వస్తే పూర్తి పరిశీలన అవసరమని మాత్రమే అర్థం. ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష గానీ మెదడు స్కాన్ గానీ లేదు, నిపుణులు బిడ్డ ఎదుగుదల చరిత్రను, ప్రవర్తనను చూసి నిర్ణయిస్తారు. మీ పెంపకం వల్ల ఇది రాలేదు, ఇందులో జన్యువుల పాత్ర పెద్దది. ఆటిజాన్ని టీకాలతో ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని, దాన్ని ప్రచురించిన లాన్సెట్ వైద్య పత్రికే 2010లో ఉపసంహరించుకుంది.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. వినికిడి పరీక్షకు, ఆ తర్వాత నిపుణుల పరిశీలనకు సమయం తీసుకున్నాము. ఈలోగా ఇంట్లో ఏమైనా చేయవచ్చా?

జవాబు: స్పీచ్ థెరపిస్టు

తప్పకుండా చేయవచ్చు, నిర్ధారణ కోసం ఆగనక్కర్లేదు. మీ చెయ్యి గ్లాసు మీద పెట్టినప్పుడు ప్రశ్న వేయకుండా, బాబు అనవలసిన మాటనే "నీళ్లు కావాలి" అని మీరు చెప్పి, కాసేపు ఆగి, వాడు అన్నా అనకపోయినా నీళ్లు ఇవ్వండి. చక్రాలు తిప్పుతున్నప్పుడు లాక్కోకుండా పక్కనే కూర్చొని మీరూ ఇంకో కారు చక్రం తిప్పండి. వాడు తలెత్తి మీ వైపు చూసిన క్షణంలో నవ్వుతూ "తిరుగుతోంది" అనండి. ఆటనూ, పిలిచినప్పటి స్పందననూ ఫోనులో చిత్రీకరించి ఉంచండి, ఎందుకంటే కొత్త గదిలో కొత్తవారి ముందు పిల్లలు ఇంట్లో ఉన్నట్లు ఉండరు.