వదిలేసిన కొర్రమీను నాలుగు రోజులకి చచ్చి తేలింది, తప్పెక్కడ జరిగింది?

బుచ్చి కుర్రోడు:
పోయిన ఆదివారం బుచ్చిరెడ్డిపాళెం పక్కన మా ఊరి చెరువులో రబ్బరు కప్ప ఎరకి కిలోన్నర కొర్రమీను పడింది. మూడు ముళ్ల గాలం, రెండు ముళ్లు పైదవడలో దిగినాయి. గట్టు మీద ఎండుగడ్డిలో పొర్లుతుంటే తువ్వాలుతో అదిమి పట్టి, పకారుతో పీకేసరికి ఐదారు నిమిషాలు పట్టింది. ఫోటో దిగి వదిలితే తోక ఆడించుకుంటూ పోయింది, హమ్మయ్య అనుకున్నా. గురువారం అదే మూల గుర్రపుడెక్క పక్కన తేలి ఉంది, తువ్వాలు ఆనిన చోటల్లా దూది అతికించినట్టు తెల్లగా. దవడ చిరుగు చూసి గుర్తుపట్టా. సంతలో బిందె అడుగున పావు నీళ్లలో కూడా బతికే చేప ఎట్టా చచ్చింది అన్నా?

పెన్నా గట్టు:
తువ్వాలే తమ్ముడూ. కొర్రమీను పైకొచ్చి గాలి పీలుస్తుంది కాబట్టి ఊపిరాడక చావదు. కానీ దాని ఒంటి మీద జిగురే దానికి కవచం, నువ్వు దాన్ని శుభ్రంగా తుడిచేశావు, ఆ తెల్లది బూజు. చేతులు తడుపుకోకుండా ఏ చేపనీ ముట్టుకోవద్దు, వీలైతే నీళ్లలోనే ఉంచి గాలం తియ్. మూడు ముళ్లది తీసేసి ఒంటి ముల్లు వేసుకో, దాని కొనకి వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని పకారుతో నొక్కెయ్. చేపలు జారిపోతాయని భయపడతారు గానీ దారం బిగువుగా ఉంచితే పెద్దగా పోవు, పైగా నీ వేలికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది (నాకు ఆస్పత్రిలో కోసి తీశారు, అప్పుడొచ్చింది బుద్ధి). గాలం గొంతులోకి మింగేస్తే లాగొద్దు, దారం దగ్గరగా కోసి వదిలెయ్.

బొచ్చె, శీలావతి వేరే కథ, అవి గాలి పీల్చలేవు. వాటిని బయటికి తీసినప్పుడు నువ్వూ ఊపిరి బిగబట్టు, నీకు కష్టమైతే దానికీ అంతే. మే నెల మధ్యాహ్నాలు అసలు వెళ్లొద్దు, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. నాచు పట్టిన చెరువుల్లో తెల్లారకముందు కూడా అంతే, మొక్కలు రాత్రంతా ఆక్సిజన్ వాడేస్తాయి.

కొత్తపట్నం కెరటం:
ఏందబ్బా ఇది, తినని వాడికి గాలం ఎందుకు? మామిడికాయ వేసి పులుసు పెట్టుకుంటే పాపమూ లేదు, బూజూ లేదు. ఫోటో కోసం దవడ చించి వదలడం నాకు నచ్చదు.

మైపాడు పాత కాపు:
కెరటం అన్నదాంట్లో సగం నిజముంది, నేనూ తింటా. కానీ పండుగప్ప సంగతి చూడండి, అది ముందు మగగా పెరిగి తర్వాత ఆడగా మారే చేప, అంటే బాగా పెద్దవన్నీ దాదాపు గుడ్లు పెట్టే తల్లులే. అందుకే మూడు నాలుగు కిలోలది పడితే ఇంటికి, పది కిలోలది పడితే మళ్లీ నీళ్లలోకి. కింది దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీసి ఫోటో దిగకండి, ఆ బరువంతా దవడ మీదే పడుతుంది, రెండో చెయ్యి పొట్ట కింద పెట్టండి. అలసిపోయి ఉంటే పారే నీటికి ఎదురు ముఖంగా పట్టుకోండి, తనంతట తాను చెయ్యి విడిపించుకుని పోవాలి, విసిరేస్తే లాభం లేదు.

ఇంకోటి. వానలు పడ్డాక ఎర్రటి పిల్లలు గుంపుగా నీటిపైకి లేచి మునుగుతుంటే కింద కాపలా ఉండేది కొర్రమీనే, కప్ప వేస్తే ఆకలితో కాదు, పిల్లల్ని కాపాడుకోడానికి కొడుతుంది. ఐదు నిమిషాల్లో వదిలేసినా ఈలోపు మిగతా చేపలు ఆ పిల్లల్ని నమిలేస్తాయి. అక్కడ గాలం వెయ్యకపోవడమే మంచిది.

పెన్నా గట్టు:
ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పడితే మాత్రం తిరిగి చెరువులో వెయ్యకండి, దాని పెంపకం మన దేశంలో 2000 నుంచే నిషేధం, చెరువులో చేరితే చిన్న చేపలన్నీ ఖాళీ.

బుచ్చి కుర్రోడు:
ముళ్లన్నీ నొక్కేశా. గాలానికి పడ్డ చేపని ఎత్తడానికి ఉన్న నైలాన్ చేతి వల ముడులు రాసుకుని పొలుసులు ఊడుతున్నాయి, ముడుల్లేని రబ్బరు వల నెల్లూరులో దొరుకుద్దా, ఆన్‌లైన్లో తెప్పించుకోవాలా?